పాత ఫైబర్ పడవను ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలంటే

పాత ఫైబర్ పడవ చౌకగా వచ్చిందని కొనేసి, కారే చోట ఇంత రెసిన్ (గాజు పోగులను పట్టి గట్టిపడే జిగురు) పూసి, నెల తిరక్కుండానే అక్కడే మళ్లీ నీళ్లు ఊరుతుంటే "ఈ ఫైబరే మంచిది కాదండీ" అని తిట్టుకునేవాళ్లు గోదావరి జిల్లాల్లో చాలా చెరువు గట్ల మీద కనిపిస్తారు. ఫైబర్ తప్పేం లేదు. రంగు మీదో, నాచు మీదో, తడి మీదో వేసిన అతుకు ఊడకేం చేస్తుంది? ఈ పనిలో ముప్పాతిక వంతు గీకడం, ఆరబెట్టడం. రెసిన్ పూసేది చివరి పావు వంతే. ఆ పావు వంతు దగ్గరే మొదలుపెట్టడం వల్ల వచ్చే తంటా ఇదంతా.

ఇక్కడ చెప్పేది ఇరవై అడుగుల లోపు చిన్న పడవల గురించి. చేపల చెరువుల్లో తవుడు సంచులు కట్టుకుంటూ తిరిగేవి, లంకల్లో పాయ దాటడానికి ఉంచుకునేవి, ఒడ్డున ఇసుక మీదకు లాక్కునే చిన్న వేట పడవలు. జనాన్ని ఎక్కించుకుని డబ్బులు తీసుకునే బోట్లకు తనిఖీలు, అనుమతులు వేరే ఉంటాయి, అవి పెరట్లో చేసుకునే పని కాదు. 2004 సునామీ తర్వాత మన తీరంలో ఫైబర్ పడవలు బాగా పెరిగాయి, ఆ కాలం వాటికి ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చూసేటప్పుడు కాస్త జాగ్రత్తగా చూడాలి.

ముందు జబ్బేంటో తేల్చుకోండి

పడవను బోర్లించి, నాచు, గుల్లలు, బురద అంతా గీకి, మంచినీళ్లతో శుభ్రంగా కడగండి. ఉప్పునీళ్లలో తిరిగినదైతే రెండు మూడు సార్లు కడగాలి, ఎందుకంటే మిగిలిన ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటూనే ఉంటుంది, అది ఎప్పటికీ సరిగా ఆరదు.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ రండి. బాగున్న చోట గట్టిగా, ఖణేల్‌మని పలుకుతుంది. పొరలు విడిపోయిన చోట, లోపల నీళ్లు పట్టిన చోట డొల్లగా, మొద్దుగా వినిపిస్తుంది. అలాంటి చోటల్లా సుద్దముక్కతో గీత గీసేయండి. పడవ ఎక్కడ తిరిగిందో తెలిస్తే జబ్బు సగం ముందే తెలిసిపోతుంది. ఏడాది పొడుగునా చెరువు నీళ్లలోనే నానిన పడవకు అడుగున బొబ్బలు వస్తాయి, సంచులు కట్టే కర్రలకు రాసుకుని పక్కలు అరిగిపోతాయి. సముద్రం ఒడ్డున ఇసుక మీద లాగిన పడవకు బొబ్బలు తక్కువ గానీ అడుగున నడిమి గట్టు అరిగి, తెల్లటి గాజు పోగులు బయటపడి ఉంటాయి. ఆ పోగులు కనపడ్డాయంటే వాటి వెంటే నీళ్లు లోపలికి పాకుతున్నట్టే.

ఎక్కడ కారుతోందో కంటికి దొరక్కపోతే తిరగేసి పరీక్షించండి. పడవను దిమ్మల మీద నిలబెట్టి, లోపల నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, కింద పడుకుని చూడండి. చుక్క కట్టిన చోట గుర్తు పెట్టుకోవడమే. అంతకంటే ఎక్కువ పోయొద్దు, చదరపు మీటరుకు పది సెంటీమీటర్ల నీళ్లంటే వంద కేజీలు, దిమ్మల మీద అంత బరువు పడితే పాత అడుగు పగిలిపోతుంది.

ఇంజను తగిలించే వెనక పలకను మాత్రం విడిగా చూడాలి. బయటికి అంతా ఫైబరే కనపడుతుంది గానీ లోపల ప్లైవుడ్డో చెక్కో ఉంటుంది. బోల్టు రంధ్రాల్లోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగి అది కుళ్లిపోతుంది. లోపలివైపు నుంచి, కింద మూలన, నాలుగు మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్‌తో చిన్న రంధ్రం వేసి చూడండి. పొడి పొట్టు, లేత రంగులో వస్తే బతికిపోయారు. నల్లగా, తడిగా, కుళ్లు వాసనతో ముద్దలా బిట్‌కు చుట్టుకుని వస్తే పలక మార్చాల్సిందే, అడ్డదారి లేదు.

అడుగు మీద ఎక్కడ అడుగేసినా మెత్తగా దిగుతుంటే, లోపలి అడ్డపట్టీలన్నీ ఊడి ఉంటే ఆ పడవ వదిలేయండి. దానికి పెట్టే రెసిన్ డబ్బుతో ఇంతకంటే మంచి పాత పడవ వస్తుంది. ఇది చెబితే ఎవరికీ నచ్చదు, తెలుసు.

వేట పడవ అయితే గ్రైండర్ ముట్టుకోకముందే ఐఎన్‌డి-ఏపీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరును ఫోటో తీసుకుని, కొలతలు రాసుకోండి, మళ్లీ అలాగే రాయించాలి కదా.

ఆరబెట్టడం

ఇది అందరూ ఎగ్గొట్టే పని. తట్టినప్పుడు డొల్లగా పలికిన చోట్లు, బొబ్బలు, పగుళ్లు ముందు తెరిచేయాలి. బొబ్బ పొడిచినప్పుడు లోంచి జిగటగా, వెనిగర్ వాసన వేసే నీళ్లు వస్తాయి, అవి కళ్లలో చిందకుండా కళ్లద్దాలు పెట్టుకోండి. బొబ్బ మొత్తం గుంటలా గీకి, రోజుకోసారి మంచినీళ్లతో కడుగుతూ, తర్వాత నీడలో గాలి తగిలేలా వదిలేయాలి. ఎన్నాళ్లు అంటే, ఒక్కోసారి వారాలే పడుతుంది, వానాకాలంలో అయితే అసలు పెట్టుకోవద్దు.

ఆరిందో లేదో తెలియడానికి మీటర్లేం అక్కర్లేదు. అరచేయంత పాలిథిన్ ముక్కను ఆ చోట పెట్టి నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి, ఎండ తగిలేలా ఒక పూట వదిలేయండి. లోపలివైపు చెమట పట్టినట్టు చిన్న చుక్కలు కనపడితే ఇంకా తడి ఉన్నట్టే. ఎండలో ఉంచినా చుక్క రాకపోతేనే ముందుకు వెళ్లండి.

సామాను, రెండు ప్రమాదాలు

ఫైబర్ సామాను అమ్మే షాపులు కాకినాడ, విశాఖ లాంటి చోట్ల దొరుకుతాయి. ఐసో రెసిన్ అడగండి, మామూలు రకం కంటే నీళ్లకు బాగా ఆగుతుంది. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ (గాజు పోగుల చాప), 600 చిల్లర గ్రాములు తూగే రోవింగ్ (నేసిన మందపాటి గాజు గుడ్డ), హార్డనర్ (రెసిన్‌ను గట్టిపరిచే ద్రవం), జెల్ కోట్ (రంగు కలిపిన పైపూత రెసిన్), అసిటోన్, చిన్న బ్రష్‌లు, బుడగలు నొక్కడానికి గాళ్లున్న ఇనుప రోలర్. రెసిన్ గట్టిపడటాన్ని వేగిరపరిచే కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ ఇమ్మని గట్టిగా అడగండి. విడిగా ఇస్తే మాత్రం ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: కోబాల్టూ హార్డనరూ నేరుగా ఒకదాన్నొకటి తాకకూడదు. తాకితే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. ముందు కోబాల్ట్ రెసిన్‌లో పూర్తిగా కలిసిపోవాలి, ఆ తర్వాతే హార్డనర్. రెండు సీసాలూ ఒకే అలమరలో పెట్టొద్దు, ఒకే గరిటె వాడొద్దు.

రెండోది కళ్లు. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు తప్పనిసరి, పక్కనే బకెట్టు నీళ్లు ఉండాలి. పొరపాటున పడితే వెంటనే కనీసం పావుగంట ధారగా కడిగి, ఆలస్యం చేయకుండా కంటి ఆసుపత్రికి పోవడమే. ఇక దుమ్ముకు ఎన్-95 మాస్క్ చాలు గానీ రెసిన్ వాసనకు అది పనిచెయ్యదు, రసాయనాల ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్క్ కొనుక్కోండి, పని మాత్రం బయటే చేయండి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఏవీ వద్దు.

గీకడం

గ్రైండర్‌కు 36 లేదా 40 నంబరు డిస్క్ వేసి, పాడైన భాగాన్నంతా తీసేయండి. పాత అతుకులు, ఎమ్-సీల్, కార్ల పుట్టీ, బాత్రూమ్ సిలికాన్, ఏదున్నా పోవాలి. సిలికాన్‌ను మాత్రం ముందు బ్లేడుతో పూర్తిగా కోసి తీసి, అసిటోన్ గుడ్డతో తుడిచి, అప్పుడు గ్రైండర్ పెట్టాలి. నేరుగా గ్రైండర్ పెడితే ఆ జిడ్డు చుట్టూ పరుచుకుంటుంది, దాని మీద ఇంకేదీ అతకదు.

అసలు బలమంతా ఏటవాలులో ఉంది. రంధ్రం అంచు నిటారుగా వదిలి పైన గుడ్డముక్క అంటించినట్టు మ్యాట్ వేస్తే ఒక్క దెబ్బకు ఊడుతుంది. గోడ మందానికి పన్నెండు రెట్ల వెడల్పున అంచును పల్చగా, ఏటవాలుగా గీకాలి. గోడ అయిదు మిల్లీమీటర్లుంటే రంధ్రం చుట్టూ ఆరు సెంటీమీటర్ల ఏటవాలు అన్నమాట. పిడికెడు రంధ్రానికి పళ్లెమంత గీకుతుంటే బాగున్నది కూడా పాడుచేస్తున్నట్టు అనిపిస్తుంది, కానీ కొత్త రెసిన్ పాత రెసిన్‌లో కలిసిపోదు, దాన్ని పట్టుకుని ఉంటుంది అంతే. పట్టుకోవడానికి ఎంత చోటిస్తే అంత గట్టిగా ఉంటుంది. సరిగా గీకితే పాత పొరలు ఒకదాని పక్కన ఒకటి వలయాల్లా కనపడతాయి, ఆ వలయాలు లెక్కపెడితే ఎన్ని పొరలు వెయ్యాలో కూడా తెలిసిపోతుంది.

దుమ్ము ఒంటికి పడితే దురద చంపుతుంది. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మెడకు తువ్వాలు, చేతులకు గ్లవ్స్. పని అయ్యాక చన్నీళ్లతోనే కడుక్కోండి. కింద టార్పాలిన్ పరిచి ఆ దుమ్మంతా సంచిలోకి ఎత్తండి, చెరువు గట్టు మీద గీకి నీళ్లలోకి ఊడ్చేయడం చేపలకూ మంచిది కాదు, పక్క రైతుతో గొడవకూ అదే మొదలు.

అతుకు వేయడం

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి చాలామంది మరమ్మతులు అప్పుడే పెట్టుకుంటారు. పొడిగా ఉంటుంది, అది మంచిదే, కానీ ఎండకు రెసిన్ చేతిలోనే గడ్డకడుతుంది. పడవకు ముందు రోజు నుంచే నీడ వేసి ఉంచి, పొద్దున్నే మంచు తడి ఆరాక మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించండి. మంచి రోజులంటే జనవరి, ఫిబ్రవరి, నాకైతే అప్పుడే ఇష్టం.

కొలత కోసం వంటింటి డిజిటల్ కాటా, మందుల షాపులో దొరికే సిరంజి చాలు, రెండూ మళ్లీ వంటింటికి వెళ్లకూడదు. హార్డనర్ రెసిన్ బరువులో నూటికి ఒకటి నుంచి రెండు వంతులు. ఒక వంతంటే కేజీ రెసిన్‌కు సుమారు 10 మిల్లీలీటర్లు, పావు కేజీకి రెండున్నర. ఎండాకాలంలో ఒకటి దగ్గరే ఉండండి, అలాగని అంతకంటే తగ్గిస్తే రెసిన్ ఎన్నాళ్లకూ పూర్తిగా గట్టిపడక మెత్తగా మిగిలిపోతుంది. గంటన్నా పూసుకోవాలని అర వంతు వేసేవాళ్లు చేసే తప్పు ఇదే. తొందరగా గడ్డకడుతుంటే హార్డనర్ తగ్గించకండి, ఒక్కసారి కలిపే రెసిన్ తగ్గించండి. పని మొదలుపెట్టేముందు యాభై గ్రాములు కలిపి, ఎన్ని నిమిషాల్లో జావలా అవుతుందో ఫోన్‌లో టైమ్ చూసుకోండి. డబ్బాను బట్టి, ఎండను బట్టి అది మారుతుంది.

రంధ్రం ఆరపార ఉంటే బయటివైపు అచ్చు కావాలి. పాత సన్‌మైకా ముక్క నున్నటి వైపు మైనం పాలిష్ మూడు నాలుగు పూతలు రుద్ది, ప్రతి పూతా తుడిచి, నున్నటి వైపు రంధ్రానికి ఆనేలా బయట టేపుతో గట్టిగా అంటించండి. పడవ వంపుకు అది చక్కగా వంగుతుంది. మీరు లోపలి నుంచి పొరలు వేస్తారు, ఆరాక సన్‌మైకా లాగేస్తే బయటివైపు నున్నగా వచ్చేసి ఉంటుంది, గీకుడు బాగా తగ్గుతుంది. ఇలా చేయాలంటే ఏటవాలు కూడా లోపలివైపే గీకి ఉండాలి.

మ్యాట్ ముక్కలు ముందే చింపి వరసగా పెట్టుకోండి, కత్తెరతో కాదు, చేత్తో చింపితే అంచు పీచుగా ఉండి పాతదాని మీద గట్టు కట్టకుండా అమరుతుంది. 450 మ్యాట్ ఒక పొర ఆరాక సుమారు ఒక మిల్లీమీటరు అవుతుంది, చదరపు మీటరుకు దాదాపు కేజీ రెసిన్ తాగుతుంది. అయిదు మిల్లీమీటర్ల గోడకు అయిదు మ్యాట్‌లు, లేదా మ్యాట్, రోవింగ్, మ్యాట్, రోవింగ్, మ్యాట్. రెండోది గట్టిది. పెద్ద ముక్క ముందా, చిన్న ముక్క ముందా అని వాదనలు నడుస్తుంటాయి. నేను పెద్దదే ముందు అంటాను, ఎందుకంటే ఏటవాలు మొత్తాన్నీ ఒకే ముక్క పట్టుకుంటుంది, చివర్లో సాపు చేసేటప్పుడు తెగేది పైనున్న చిన్న ముక్కలే.

అసిటోన్‌తో తుడిచి, అది ఆరాక, ముందు ఏటవాలు మీద రెసిన్ పూత వేయండి. దాని మీద మ్యాట్ పెట్టి, బ్రష్‌తో పూయకుండా పొడుస్తున్నట్టు అద్దండి. తెల్లటి మ్యాట్ చూస్తుండగానే నీళ్లు పోసిన కాగితంలా తేటపడి, కింద ఉన్నది కనపడుతుంది. ఎక్కడైనా తెల్లగా మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టు, రోలర్‌తో మధ్య నుంచి అంచుకు నెట్టుకుంటూ రండి. రెసిన్ ఎక్కువ పోస్తే గట్టి అనుకోవద్దు, బలం గాజు పోగుది, మడుగు కట్టిన రెసిన్ గాజుపెంకులా పగులుతుంది. ఎండాకాలంలో ఒక దఫాకు రెండు మూడు పొరలే. ఎక్కువ వేస్తే లోపల వేడెక్కి పసుపుపచ్చగా మారి వంకర తిరుగుతుంది. మగ్గులో మిగిలిన రెసిన్ కూడా పొగలు కక్కేంత వేడెక్కుతుంది, దాన్ని ఇసుక మీద పల్చగా పోసేయండి, చెత్తబుట్టలో పడేయొద్దు.

ఎపాక్సీ గురించి అడుగుతుంటారు. పాత ఫైబర్‌కు అది ఇంకా బాగా అతుకుతుంది, నిజమే, కానీ ఖరీదు. మామూలు మ్యాట్‌లోని బంక ఎపాక్సీలో కరగదు కాబట్టి నేసిన గుడ్డే వాడాలి, పైగా దాని మీద మామూలు రెసిన్, జెల్ కోట్ సరిగా పట్టవు. ఎపాక్సీ మొదలుపెడితే చివరిదాకా అదే, పైన రంగు వేసుకోవాలి.

వెనక పలక

కుళ్లిందని తేలితే లోపలివైపు ఫైబర్ పొరను, చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల అంచు వదిలి, గ్రైండర్‌తో కోసి తీయండి. బయటి పొర చెక్కుచెదరకూడదు, పడవ ఆకారం దానిదే. కుళ్లిన చెక్కను ఉలితో తవ్వి తీసి, మూలల్లో దాక్కున్నది కూడా గీకి, మళ్లీ ఆరబెట్టాలి. కొత్తదానికి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. 18 మిల్లీమీటర్లవి రెండు కలిపితే చిన్న ఇంజనుకు సరిపోతుంది, ఎందుకైనా మంచిది, పాతది ఎంత మందమో కొలిచి అంతే పెట్టండి. టేకు ముక్క ఉందని అది వాడొద్దు, దానిలోని నూనె వల్ల రెసిన్ సరిగా పట్టదు.

ప్లైవుడ్ అంచులకు రెండు సార్లు రెసిన్ తాగించండి, నీళ్లు దూరేది అంచుల్లోంచే. పలకకూ పలకకూ మధ్య, పలకకూ బయటి పొరకూ మధ్య తడి మ్యాట్ ఒక్కో పొర పెట్టి, పాత బోల్టు రంధ్రాల్లోంచి బోల్టులు వేసి, సీ-క్లాంపులతో బిగించండి. అన్ని వైపులా రెసిన్ పిండినట్టు బయటికి రావాలి. ఆరాక పలకా పడవ గోడా కలిసే మూలను రెసిన్‌లో సిలికా పొడి కలిపిన ముద్దతో వేలితో లాగి గుండ్రం చేయాలి, నిటారు మూలలో మ్యాట్ వంగదు, వెనక గాలి మిగిలిపోతుంది. దాని మీద కనీసం మూడు నాలుగు పొరలు, పక్క గోడల మీదకు జానెడు దాకా పాకేలా.

ఇంజను బోల్టులకు కావాల్సిన దానికంటే పెద్ద రంధ్రం వేసి, దాన్ని ఆ ముద్దతోనే నింపి, ఆరాక మధ్యలో అసలు సైజు రంధ్రం వేయండి. అప్పుడు సీలు పోయినా నీళ్లు తాకేది రెసిన్‌నే, చెక్కను కాదు. ఉప్పునీళ్లకు 316 రకం స్టీలు బోల్టులు, పాలీయురేథేన్ సీలెంట్.

తేలడానికి బల్లల కింద పెట్టిన ఫోమ్ కూడా ఓసారి చూడండి. నీళ్లు తాగి ఉంటే పడవ ఎందుకు ఇంత బరువుగా ఉందో అక్కడే అర్థమవుతుంది. దాని బదులు థర్మాకోల్ కుక్కి పైన రెసిన్ పూసేవాళ్లున్నారు, రెసిన్ తగిలిన థర్మాకోల్ నిమిషాల్లో కరిగి మాయమైపోతుంది, పెట్రోలు తగిలినా అంతే. గట్టిగా మూత బిగించి సీలు చేసిన ఇరవై లీటర్ల ఖాళీ క్యాన్లు కదలకుండా కట్టేస్తే ఒక్కోటీ దాదాపు ఇరవై కేజీల బరువు తేలుస్తుంది, ఖర్చు దాదాపు లేదు.

పైపూత

అతుకు ఆరాక 80 నంబరు కాగితంతో సాపు చేసి, గుంటలు పూడ్చండి. నీళ్ల కింద ఉండే భాగంలో కార్లకు వాడే పుట్టీ వద్దు, అది నీళ్లు తాగుతుంది. రెసిన్‌లో సిలికా పొడి కలుపుకుంటే సరిపోతుంది. జెల్ కోట్ వేస్తే గాలి తగిలిన పైభాగం ఎంతసేపటికీ జిగురుగానే ఉంటుంది, అది పాడైందని కంగారుపడొద్దు, దాని స్వభావమే అంత. చివరి పూతలో మైనం ద్రావణం కలపాలి, చిన్న చోటైతే పైన పల్చటి ప్లాస్టిక్ షీటు బుడగల్లేకుండా పరిచినా చాలు. తర్వాత 220, 400, 600 నంబర్ల కాగితం తడిపి రుద్ది పాలిష్ పెట్టుకోవచ్చు. పనిచేసే పడవకు అంత మెరుపు ఎందుకంటే, రెండు భాగాలు కలిపే పీయూ (పాలీయురేథేన్) రంగు రెండు పూతలు వేసి ఊరుకోండి, నా ఓటు దానికే. ఎప్పుడూ నీళ్లలోనే ఉండే పడవకు అడుగున మాత్రం ఎపాక్సీ పూత వేసేదాకా తొందరపడకండి, బొబ్బలు మళ్లీ రాకుండా అడ్డుకునేది ఆ పూతే.

కనీసం వారం ఆరనిచ్చి నీళ్లలో దించండి. మొదటి రోజు ఖాళీగా కట్టేసి, సాయంత్రానికి లోపల ఎన్ని నీళ్లు చేరాయో చూడండి, తర్వాతే మనుషులు, ఇంజను. ఒకటి రెండు సార్లు తిరిగాక వెనక బోల్టులు మళ్లీ బిగించుకోవాలి. మిగిలిన రెసిన్ నీడలో పెడితే కొన్ని నెలలు ఆగుతుంది, డబ్బాలోనే జున్నులా కట్టిందంటే మాత్రం దాన్ని పల్చన చేసి వాడే ప్రయత్నం చేయొద్దు.